తొడలో విరిగిన రొట్టె

సోమవారం దుప్పి వేట మొదలు. ఈలోగా నడుం సరిచేయించుకుని, ఎప్పటిలాగే గుట్ట మీది మంచె ఎక్కాలన్నది డెబ్బై ఆరేళ్ల ఎవర్ట్ పథకం. ఆయన నిచ్చెన ఎక్కలేకపోతే ఆ మంచె పక్కింటి బెర్టిల్‌కు పోతుంది. బెర్టిల్ రోజూ కంచె దగ్గరికి వచ్చి "నడుం ఎలా ఉంది?" అని అడుగుతాడు. అందులో పరామర్శకన్నా ఆశే ఎక్కువ.

పొట్ట తగ్గితే నడుం అదే దారికొస్తుందని భార్య సీవ్ ఆయన చేత వెన్న, జున్ను మాన్పించింది. అందుకే ఆ ఉదయం ఆమె కారు తీస్తుండగా, ఎవర్ట్ అప్పడంలా కరకరలాడే ఎండు రొట్టెల మధ్య ఆ రెండూ దండిగా పెట్టి, కాగితం చుట్టి, ప్యాంటు తొడ జేబులో దాచాడు.

వెన్నుపూసలు చేత్తో సరిచేసే కైరోప్రాక్టర్ తూవా ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, పై కాలు మడిచింది. సీవ్ కుర్చీలో కాపలా కూర్చుంది.

"పెద్దవాళ్ల ఎముకలు కదా తాతగారూ, మెల్లగానే నొక్కుతా. చప్పుడు కూడా రాదు," అంటూ తూవా ఆయన తొడకు మోకాలు ఆనించి నొక్కింది.

గదంతా ఫటఫటమంది.

తూవా ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "కదలకండి. నొప్పి ఎక్కడ?"

నొప్పి ఎక్కడా లేదు. విరిగిందేమిటో ఎవర్ట్‌కు తెలుసు. కానీ సీవ్ లేచి వచ్చి తల దగ్గరే నిలబడింది. దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయన పని.

"చెప్పలేను," అన్నాడు నిజాయితీగా.

"అయ్యో, మాట కూడా పడిపోతోంది," అంది సీవ్.

తూవా తొడ తడిమింది. లోపల కరకరమని చప్పుడైంది. "ముక్కలు ముక్కలైంది. ఏదో కారుతోంది కూడా," అని అంబులెన్స్‌కు ఫోన్ చేసింది.

సీవ్ భర్త చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. "ఇన్నేళ్లూ మిమ్మల్ని సాధించుకు తిన్నాను. ఇంటికొస్తే చాలు, నా చేత్తో వెన్న రాసి పెడతా."

ఎవర్ట్‌కు నిజంగానే కళ్లు చెమర్చాయి. ఇంకాసేపు విరిగి ఉంటే నష్టమేమీ లేదనిపించింది. అంతలో సీవ్ కళ్లు తుడుచుకుని ఫోన్ తీసింది.

"బెర్టిల్, ఇక మా ఆయన మంచె ఎక్కలేడు. అది నువ్వే తీసుకో నాయనా."

ఎవర్ట్ బల్ల మీంచి ఒక్క గెంతు గెంతి ఫోన్ లాక్కున్నాడు. "ఒరే బెర్టిల్, విరిగింది తొడ కాదురా, జున్ను రొట్టె. మంచె నాదే."

ఫోన్ పెట్టేశాడు. ఆయన కాలి మీదుగా రొట్టె పొడి నేల మీదకు రాలుతోంది.

"నడుం మాత్రం నిటారుగా నిలబడింది," అని తూవా గొణిగి, అంబులెన్స్ వద్దని చెప్పడానికి మళ్లీ ఫోన్ అందుకుంది.

సీవ్ చెయ్యి చాచింది. "జేబు ఖాళీ చెయ్యండి."

సోమవారం ఎవర్ట్ చకచకా మంచె ఎక్కాడు. జేబులో సీవ్ పెట్టిన క్యారెట్లు. పొద్దెక్కాక కొమ్ముల దుప్పి ఒకటి ఎదురుగా వస్తున్న సంగతి చూసుకోక, ఆకలికి ఆగలేక ఒక క్యారెట్ కొరికాడు. అడవంతా వినిపించింది. దుప్పి చెవులు నిక్కించి వాగు వైపు పారిపోయింది. వాగు పక్క మంచె మీద బెర్టిల్ ఉన్నాడు. తుపాకీ ఒక్కసారే పేలింది.

సాయంత్రం బెర్టిల్ కంచె దగ్గరికి వచ్చి, ఈసారి నడుం సంగతి ఎత్తకుండా, ఇంట్లో క్యారెట్లు ఇంకా ఉన్నాయా అని అడిగాడు.