పైడి చేత బడి మాన్పించిన పాపం

తల్లిదండ్రులకు పిల్లల కంటే ముందు పుట్టవలసింది భయం. భయం లేని ఇంట్లో పిల్లలు పెరుగుతారు తప్ప పైకి రారు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మా వన్‌టౌన్‌లో, మా వీధిలో, మా గోడ అవతల ఇంట్లో జరిగిన ఘోరాన్ని కళ్ళారా చూసి అంటున్నాను.

దేవుడు దయతలచి ఈ కాలంలో వీధికో ఇంగ్లీషు కాన్వెంటు ఇచ్చాడు. పూర్వం పిల్లలు ఆరేళ్ళు వచ్చేదాకా ఇంట్లో తిని, దొర్లి, మట్టి పూసుకుని, పెద్దవాళ్ళ మాటలకు అడ్డం వస్తూ కాలం వృథా చేసేవారు. ఇప్పుడు ఆ బెడద తీరింది. సరిగ్గా ముక్కు చీదుకోవడం రాకముందే మెడకు టై బిగించి, రిక్షాలో కుక్కి పంపించేయవచ్చు. మా వీధి కాన్వెంటు ఓ అద్దె మేడ మీద ఉంది. కింద ఉప్పుచేపల గోడౌను. వాసన వస్తోందని కొందరు సణుగుతారు. వాసన ఇంగ్లీషును ఏం చేస్తుంది?

అలాంటి వరాన్ని కాలదన్నుకున్న ఇద్దరు మూర్ఖుల సంగతి చెబుతాను. వినండి, బాగుపడండి.

గురునాథరావు పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. సబ్బవరం దగ్గర పల్లెలో వ్యవసాయం ఇంట పుట్టి, ఐటిఐ చదివి పట్నం వచ్చినవాడు. భార్య కనకరత్నం ఎస్సెల్సీ దాకా చదివింది. వాళ్ళకు ఒక్కతే కూతురు, పైడితల్లి. అందరూ పైడి అంటారు. కాన్వెంటులో వేసేనాటికి దానికి ఐదేళ్ళు. అప్పటిదాకా ఆ పిల్ల నోరు మూతపడగా వీధిలో ఎవరూ చూడలేదు. నేను పేపరు చదువుకుంటుంటే వచ్చి, "మీ గోడ మీద బల్లికి తోక నేదు, ఏటయింది?" అని నిలదీసిన పిల్ల. జవాబు చెప్పేదాకా కదలలేదు. అలాంటి పిల్లల కోసమే కాన్వెంట్లు పెట్టారని నాకు ఆనాడే అర్థమైంది.

ఆ కాన్వెంటులో ఒక గొప్ప నియమం ఉంది. పిల్లలు ఏది అడిగినా ఇంగ్లీషులోనే అడగాలి. ఒంటికి వెళ్ళాలన్నా సరే. ఆ వాక్యం కాస్త పొడుగు. పైడికి నోరు తిరగలేదు. తెలుగులో అడిగింది. టీచరు వినలేదు. చెవుడు వల్ల కాదు, నియమం వల్ల. మళ్ళీ తెలుగులోనే అడిగింది. ఆ తర్వాత అడిగే అవసరం తప్పిపోయింది. గౌను తడిసింది. క్లాసంతా నవ్వింది. టీచరూ నవ్వింది. ఆవిడా మనిషే కదా.

ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం ఏ పిల్లకు దొరుకుతుంది? పైడి మాత్రం అడ్డదారి వెతుక్కుంది. నీళ్ళు తాగడం మానేసింది.

పొద్దున్న నిండుగా వెళ్ళిన ప్లాస్టిక్ సీసా సాయంత్రం నిండుగానే ఇంటికొచ్చేది. బడిలో కుండనీళ్ళు తాగుతోందేమో అనుకుంది కనకరత్నం. కొన్నాళ్ళకు పిల్ల ఇంట్లో కూడా గ్లాసు ముట్టడం తగ్గించింది. మాటా తగ్గింది. బల్లుల సంగతి, రిక్షావాడి మీసం సంగతి, ఏదీ లేదు. అడిగితే తలూపేది, అడక్కపోతే గోడవైపు తిరిగి కూర్చునేది. మా వీధి ఆడవాళ్ళంతా ముచ్చటపడ్డారు. పిల్లకు బుద్ధి వచ్చిందన్నారు.

దసరాకు ముందు పిల్లకు జ్వరం పట్టుకుంది. చలి, వణుకు, పొత్తికడుపులో నొప్పి. ఆస్పత్రిలో చేర్చారు. డాక్టరమ్మ చూసి, "ఒంటేలు బిగబట్టి బిగబట్టి లోపల చీము పట్టింది. ఒంట్లో నీరు లేదు. ఎవరు తాగొద్దన్నారమ్మా నిన్ను?" అని అడిగింది. పైడి ఎవరి పేరూ చెప్పలేదు. అప్పటికి ఆ పిల్ల ఎవరికీ ఏమీ చెప్పడం మానేసింది.

పిల్లను ఇంటికి తెచ్చాక కనకరత్నం కాన్వెంటు మెట్లెక్కింది. టీచరు ఏదీ దాచలేదు. దాచడానికేముంది? సంతోషంగానే చెప్పింది.

"మీ పాప ఇప్పుడు చాలా ఇంప్రూవ్ అయిందండి. మొదట్లో ఊరికే బయటికి, బయటికి అనేది. ఇప్పుడు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అసలు అడగదు."

కనకరత్నం ఇంటికొచ్చి టైని, బెల్టును ట్రంకుపెట్టె అడుగున పడేసింది. భర్త డ్యూటీ నుంచి రాగానే చెప్పింది, "పైడిని ఇంక ఆ బడికి పంపనండి."

"మరి సదువో?" అన్నాడు గురునాథరావు.

"ముందు నీళ్ళు తాగనీండి."

చూశారా? చదువంత పెద్ద విషయానికి నీళ్ళంత పలచటి సమాధానం.

ఇక్కడే మా వీధి తన ధర్మం నిలబెట్టుకుంది. పిల్లకు జ్వరం వచ్చినప్పుడు ఎవరి పనుల్లో వాళ్ళం ఉన్నాం కానీ, బడి మాన్పించారనగానే పనులన్నీ వదులుకుని వెళ్ళాం. ఒకావిడ అరటిపళ్ళు పట్టుకెళ్ళి, పరామర్శించి, "మా అక్క తోటికోడలి పిల్లడు ఇలాగే బడి మానేసి సైకిల్ షాపులో పంచర్లు ఏసుకుంతన్నాడు" అని ధైర్యం చెప్పి వచ్చింది. ఒకాయన పిల్లను దగ్గరకు పిలిచి ఏబీసీడీలు అడిగి, రాకపోతే కనకరత్నం వైపు చూసి నిట్టూర్చాడు. నేనూ వెళ్ళాను. కుర్చీలో కూర్చుని, కాఫీ తాగి, పిల్ల భవిష్యత్తు గురించి చాలాసేపు మాట్లాడాను. పిల్ల మంచం కింద ఉందని లేచేటప్పుడు చూసుకున్నాను.

ఫలితం దక్కింది. కనకరత్నానికి అనుమానం మొదలైంది. పొద్దున్నే కాన్వెంటు రిక్షా గంట కొట్టుకుంటూ వీధిలోకి వచ్చేసరికి కిటికీ తలుపు మూసేసేది. ఒకరోజు పలక తెచ్చి పిల్ల ముందు పెట్టింది. పలకను చూసి పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది. కనకరత్నం పలక తీసేసి, పక్కింటి మెహబూబ్ బీ దగ్గరకు వెళ్ళి కూర్చుంది. మెహబూబ్ బీ మిషను మీద లంగాలు, జాకెట్లు కుడుతుంది. ఆమె కూతురు ఫాతిమా మునిసిపల్ బడిలో చదువుతోంది.

"తప్పు సేత్తన్నానేమో బీ. పెద్దయ్యాక అదే నన్నడిగితే? అమ్మా, అందరూ సదువుకుంటే నన్నెందుకు కూకోబెట్టేవని అడిగితే ఏటి సెప్పను?"

మెహబూబ్ బీ దారం కొరికి అంది, "అడగనీ. అడగాలంటే నోరు రావాలి కదా ముందు."

ఈ మెహబూబ్ బీ లాంటివాళ్ళ వల్లే వీధి చెడిపోతోంది.

అలా కొన్ని వారాలు గడిచాయి. పైడి తల్లి వెనకే తిరిగేది. బియ్యంలో రాళ్ళు ఏరేది. ఫాతిమా బడి నుంచి వచ్చాక ఇద్దరూ గుడ్డపీలికలు ముందేసుకుని కూర్చునేవారు. నీళ్ళు తాగుతోంది. మాట మాత్రం లేదు.

ఒక ఉదయం గంగాలమ్మ చేపల గంప దించింది. హార్బరు నుంచి మా వీధికి ఎన్నో ఏళ్ళుగా చేపలు తెచ్చే మనిషి. ఆమె నోటికి పోలీసులు కూడా తప్పుకుంటారు. కనకరత్నం ఓ వంజరం చేతిలోకి తీసుకుని చూస్తోంది. పక్కనే చతికిలబడ్డ పైడి చేప కన్నులోకి తొంగిచూసి, వేలితో పొట్ట నొక్కి, స్పష్టంగా అంది.

"ఇది నిన్నటి సేప."

కనకరత్నం చేతిలోంచి చేప జారిపోయింది. గంగాలమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఎవలే నువ్వు? నా సేపని నిన్నటిదంతావా? పొద్దున్న బోటు దిగిన సేపే ఇది."

"కన్ను ఎర్రగుంది. సొట్ట పడింది. నిన్నటిదే."

"కాదే."

"నిన్నటిదే."

ఆ తగవు చాలాసేపు నడిచింది. చివరికి గంగాలమ్మ ఆ చేపను గంపలో విసిరికొట్టి, ఇంకోటి తీసి, "ఇదిగో, నీయమ్మ, ఇది సూసుకో" అని పిల్ల చేతిలో పెట్టింది. అప్పుడు తలెత్తి చూస్తే కనకరత్నం కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "ఏటమ్మా, సేపకోసం ఏడుత్తావేటి?" అని గంగాలమ్మ కంగారుపడింది. సంగతి తెలిశాక, మర్నాటి నుంచి కావాలనే ఓ పాడు చేపను పైన పెట్టుకుని వచ్చేది.

మాట వచ్చినంత మాత్రాన తల్లిదండ్రుల అనుమానం పోతుందా? పోకూడదు. అందుకు గురునాథరావు అన్నగారు భీమశంకరరావు పూనుకున్నారు. ఉక్కు ఫ్యాక్టరీ ఆఫీసులో పెద్ద ఉద్యోగం. ఆయన పిల్లలు ఇంట్లో "డాడీ" అంటారు. స్కూటరు దిగుతూనే తమ్ముణ్ణి వరండాలో నిలబెట్టారు.

"నీ కూతురు చేపలబేరం నేర్చుకుందటగా. మంచిది. రేపు గంప కూడా నువ్వే కొనివ్వు."

"అది కాదన్నయ్యా, పిల్లకి ఒంట్లో..."

"అందరి పిల్లలకీ జ్వరాలొస్తాయి. అందరూ బడి మానేస్తున్నారా? మీరు భయపడి దాని బతుకు పాడుచేస్తున్నారు. పల్లెటూరి బుద్ధులు పోనిచ్చుకోండి."

కనకరత్నం గుమ్మంలోంచి అంది, "బడికే పంపనని అన్లేదు బావగారూ. ఆ బడికి పంపనన్నాను. దానికి కాస్త టైమియ్యండి."

"టైము నీ కోసం ఆగుతుందా అమ్మాయ్?" అని ఆయన చేతి గడియారం చూసుకుని వెళ్ళిపోయారు. ఆ మాట గురునాథరావు గుండెలో దిగింది. వర్క్‌షాపులో కూడా అదే పాట. "ఏటి బావా, పిల్లని ఇంట్లో దాచేసావంట" అని తోటివాళ్ళు. నిద్రపట్టని మనిషిలా తిరిగాడు కొన్నాళ్ళు. ఒక శనివారం భార్యకు చెప్పకుండా కాన్వెంటుకు వెళ్ళాడు.

హెడ్‌మిస్ట్రెస్ గారిది పెద్ద మనసు. పిల్లను మళ్ళీ చేర్చుకుంటామన్నారు. ఒకటే షరతు పెట్టారు, ఇంట్లో కూడా పిల్లతో తెలుగు మాట్లాడకూడదని. "మరి నాకు ఇంగ్లీషు రాదండి" అన్నాడు గురునాథరావు. "అయితే తక్కువ మాట్లాడండి" అన్నారావిడ. ఎంత సులువైన ఉపాయం!

ఆదివారం సాయంత్రం ట్రంకుపెట్టె తెరిచి టై తీశాడు. కనకరత్నం అడ్డం రాకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమెకూ అలసట వచ్చేసింది. పైడి టైని చూసింది. ఏడవలేదు, మంచం కిందికి దూరలేదు. మెడ చాపి కట్టించుకుంది. భోజనానికి కూర్చుంది. వంకాయకూరలో కారం ఎక్కువై కళ్ళల్లో నీళ్ళు తిరిగినా గ్లాసు ముట్టలేదు.

"నీళ్ళు తాగమ్మా" అన్నాడు తండ్రి.

పిల్ల అడ్డంగా తలూపింది.

"కారంగా ఉంది కదే. తాగు."

"రేపు బడి కదా నాన్నా" అంది పైడి.

గురునాథరావు కలిపిన ముద్ద కంచంలో అలాగే ఉండిపోయింది. ఎంగిలిచేత్తో ముడి విప్పలేక ఎడంచేత్తో పీకి, టై తీసి పెరట్లోకి గిరాటేశాడు. గ్లాసు పిల్ల నోటికి పెట్టాడు. అది తాగుతూ తండ్రి మొహంలోకే చూస్తోంది, ఎంతవరకు తాగవచ్చో తెలుసుకోవడానికి.

మర్నాడు రిక్షా వచ్చి గంట కొట్టింది. గురునాథరావే బయటికొచ్చాడు.

"రాదు" అన్నాడు.

"రేపొస్తాదా బాబూ?"

"రేపూ రాదు. ఇంక ఈ గుమ్మం ముందు గంట కొట్టకు."

వీధి వీధంతా విన్నది. ఆ మనిషికి భయం పోయిందనుకోకండి. నాకు తెలుసు, పోలేదు. ఆ తర్వాత కూడా ఎవరి పిల్లలైనా ఇంగ్లీషు పద్యం చెబుతుంటే అతని మొహం చిన్నబోయేది. భయం ఉంది, దాని మాట వినడం మానేశాడు. అంతకంటే తలపొగరు ఉంటుందా?

ఆ పిల్ల ఏమైందని మీకు ఆత్రంగా ఉంటుంది. మాకూ ఉండేది. చెడిపోతే చూద్దామని వీధంతా ఓపిగ్గా కనిపెట్టుకుని ఉంది. పైడి మాకు ఆ సంతోషం దక్కనివ్వలేదు. ఫాతిమా పక్కన కూర్చుని దాని వాచకంలోంచే అక్షరాలు పట్టేసింది. ఎనిమిదో ఏట, "నానూ ఫాతిమాతో ఎల్తాను" అని తనే అంది. మునిసిపల్ బడిలో మూడో క్లాసులో కూర్చోబెట్టారు. మొదటిరోజు పాఠం మధ్యలో లేచి, "నాను బయటికి ఎల్లాలండి" అంది. మాస్టారు బోర్డు మీద రాస్తూ, వెనక్కి తిరక్కుండానే, "ఎల్లిరామ్మా" అన్నారు. వెళ్ళింది, వచ్చింది, కూర్చుంది. వ్యాకరణం లేదు, క్రమశిక్షణ లేదు.

ఇప్పుడు హైస్కూల్లో ఉంది. మహామేధావి ఏమీ కాలేదు. లెక్కల్లో అంతంతమాత్రం. ఇంగ్లీషు ఆలస్యంగా మొదలుపెట్టింది, తడుముకుంటూ చదువుతుంది. వీధి చివర నవ్వితే మా ఇంట్లోకి వినబడుతుంది.

మా ఇంట్లో అలాంటి గోల ఉండదు. మా అమ్మాయి అదే కాన్వెంటులో ఒకటో క్లాసు. క్లాసులో ఫస్టు. మొన్న మా అమ్మ ఊరినుంచి వచ్చి, ముద్దుకి గడ్డం పట్టుకుని, "నీ పేరేటే?" అంటే, చెప్పవచ్చునా అన్నట్టు నా మొహంలోకి చూసింది. అంత క్రమశిక్షణ. అసలు ఇంట్లో పిల్ల ఉన్నట్టే తెలియదు.

మా ఆవిడకు ఈ సుఖం అనుభవించడం చేతకాదు. ఆదివారం మధ్యాహ్నం పిల్ల పడుకుంటే తను వెళ్ళి పక్కన కూర్చుంటోంది. ఏమిటని అడిగితే నోటి మీద వేలు పెట్టింది.

"నిద్దట్లో మాటాడతాదండి. అప్పుడే కదా మనకి వినబడేది."

నేనూ చాప మీద కూర్చున్నాను. కాసేపటికి పిల్ల పెదాలు కదిలాయి. నిజమే. ఎవరితోనో ఒక పిల్లి గురించి గట్టిగా వాదిస్తోంది. తెలుగులోనే. చాలా బాగా మాట్లాడుతోంది. నేను లేవలేకపోయాను.

పాఠకులకు ఒక మనవి. ఈ సంగతి మనలో మనకే ఉండనివ్వండి. కాన్వెంటులో తెలిస్తే అది కూడా మాన్పించేస్తారు.