శిలాఫలకం మీద వెర్షన్ నాలుగు

ఒక పెద్ద అడవిలో అన్ని పనులకీ ఆఫీసులున్నాయి, అన్ని ఆఫీసుల్లోనూ కంప్యూటర్లున్నాయి. ఏటి గట్టున ఉన్న వరద గంట కూడా కంప్యూటరు చెబితేనే మోగేది. అందులోని సాఫ్ట్‌వేర్ వెర్షన్ మూడు. ఏరు ఒక్కసారిగా పోటెత్తితే దానికి తెలిసేది గానీ, నీళ్లు మెల్లగా పెరిగితే తెలిసేది కాదు. కిందటేడు అలా మెల్లగా పెరిగిన నీళ్లలోనే కుందేలు పోలమ్మ పిల్లలు ఇద్దరు పోయారు.

ఆ లోపం సరిచేసిన వెర్షన్ నాలుగు వచ్చింది. దాన్ని ఎక్కించే బాధ్యత కంప్యూటర్ల శాఖ డైరెక్టరు నక్క జంబుకయ్యది. ఆయన ముందు ముహూర్తం పెట్టించాడు, తరవాత శిలాఫలకం చెక్కించాడు, సింహం గారి చేత రిబ్బను కత్తిరింపజేసి అందరికీ మిఠాయిలు పంచాడు. పెళ్లి సందట్లో పుస్తె కట్టడం మరిచిపోయినట్టు, సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఒక్కటే మరిచిపోయాడు.

ఆ శాఖలో ఉడత నాంచారమ్మ చిన్న ఉద్యోగి. ఏ కంప్యూటర్లో ఏ వెర్షన్ ఉందో తెలుసుకోవడానికి పది వరసల్లో ఒక చిన్న ప్రోగ్రామ్ రాసుకుంది. దానికి బొమ్మల్లేవు, రంగుల్లేవు. నల్ల తెర మీద 'చూడు వరదగంట' అని టైపు చేసి ఎంటర్ కొడితే ఒక అంకె కనిపిస్తుంది, అంతే.

"వదినా, ఈ వానాకాలం పిల్లల్ని పక్కన పెట్టుకుని కంటినిండా నిద్రపోవచ్చా?" అని పోలమ్మ వచ్చి అడిగింది. ధైర్యం చెబుదామని నాంచారమ్మ ఎంటర్ కొట్టింది. తెర మీద మూడు అని వచ్చింది.

ఆమె పరుగున వెళ్లి డైరెక్టరు గారికి చెప్పింది. పిచ్చిది, మెచ్చుకుంటాడనుకుంది.

"సింహం గారు ప్రారంభించింది మూడా, నాలుగా?" అన్నాడు జంబుకయ్య.

"నాలుగేనయ్యా. కానీ మిషన్లో ఉన్నది మూడు."

"అయితే తప్పు నీ ప్రోగ్రామ్‌ది. సరిచెయ్యి."

నాలుగు ఎక్కించడానికి అరగంట చాలని, తానే ఎక్కిస్తానని ఉడత బతిమాలింది. ఇప్పుడు ఎక్కిస్తే అప్పుడు ఎక్కించలేదని ఒప్పుకున్నట్టవుతుందని ఆయన ఓపిగ్గా వివరించాడు. ఆ మాటకు మాత్రం ఎదురు చెప్పలేం.

ప్రోగ్రామ్ మార్చడానికి ఉడత ససేమిరా అంది. మర్నాడే ఆమెను గుట్ట దిగువనున్న గింజల గిడ్డంగికి బదిలీ చేశారు. ప్రోగ్రామ్ చిలుక చేతికొచ్చింది. చెప్పింది చెప్పినట్టు చేసే ఉద్యోగి కదా, అంకెను మిషన్లోంచి కాక శిలాఫలకం మీంచి తీసుకునేలా ఒక్క వరస మార్చింది. ఇక ఎవరు కొట్టినా నాలుగే.

కుందేళ్లు ఇంకా గొణుగుతున్నాయని జంబుకయ్య ఒక ఉత్తర్వు కూడా జారీ చేశాడు. వెర్షన్ నాలుగు ఉన్నచోట, గంట మోగనిదే ఎంత నీరు వచ్చినా వరదగా పరిగణించరాదు. గట్టు భద్రమేనని చూపి కుందేళ్ల నోరు పూర్తిగా మూయించడానికి అక్కడే తన కొత్త బంగళా కట్టించుకున్నాడు.

శ్రావణంలో ముసురు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం ఏరు చప్పుడు చెయ్యకుండా గట్టెక్కసాగింది. గంట మోగలేదు. అది చూసిన నాంచారమ్మ సెలవు చీటీ కూడా రాయకుండా పరిగెత్తి, బొరియ బొరియకీ వెళ్లి కుందేళ్లన్నిటినీ గుట్ట మీదికి తరిమింది. పోలమ్మకు మిగిలిన ముగ్గురు పిల్లలూ దక్కారు.

తరవాత ఆమె బంగళాకీ వెళ్లింది. నేనైతే వెళ్లేవాణ్ణి కాదు. జంబుకయ్య భోజనం చేస్తున్నాడు, నీళ్లు పీటను తాకుతున్నాయి.

"వరదొచ్చిందయ్యా, లేవండి."

"గంట మోగిందా?"

"లేదయ్యా."

జంబుకయ్య ఎడం చేత్తో ల్యాప్‌టాప్ తెరిచి 'చూడు వరదగంట' అని కొట్టాడు. నాలుగు అని వచ్చింది. రోజూ ఆ అంకెనే చూసి చూసి, దాన్ని మార్పించింది తానేనన్న సంగతి ఆయనకు గుర్తు లేకుండా పోయింది. "మరి ఇది వరదెలా అవుతుంది?" అంటూ మజ్జిగ పోసుకున్నాడు.

బంగళా కొట్టుకుపోయింది. తుమ్మకొమ్మ పట్టుకుని వేలాడుతున్న జంబుకయ్యను కుందేళ్లే తాడు విసిరి లాగాయి. ఆయన మంచాన పడ్డాడు, డైరెక్టరు కుర్చీలో చిలుక కూర్చుంది. కాస్త కోలుకున్నాక, వరద బాధితుణ్ణి గనక ఉండడానికి ఒక ఇల్లు ఇప్పించమని ఆయన అర్జీ పెట్టుకున్నాడు.

చిలుక నుంచి జవాబు వెంటనే వచ్చింది: "వెర్షన్ నాలుగు సక్రమముగా ఉన్నది. గంట మోగలేదు. తమరి ఉత్తర్వు ప్రకారము వరద రాలేదు. వరద రానందున తమరి బంగళా కొట్టుకుపోలేదు. తమరు అందులోనే కాపురముండవలెను."

నీతి: అబద్ధాన్ని రాతి మీద చెక్కించేవాడు ముందుగా గుట్ట మీద ఇల్లు చూసుకోవాలి.