మెంటర్లు ఉండగా ఉద్యోగం దేనికి?

ఉద్యోగం లేకపోయినా మనిషి బతకగలడు. మెంటర్ లేకపోతే మాత్రం కష్టం. నమ్మరా? నన్ను చూడండి. నాకు పర్మనెంట్ ఉద్యోగం లేదు, మెంటర్లు మాత్రం ఐదుగురున్నారు. ఎంత నిగనిగలాడుతున్నానో!

నా పేరు ఒఫీలియా బర్రగాన్, మెక్సికన్ల పిల్లని. ద్రాక్షతోటలు నిండిన మా లోయలో ఉన్న మూడు కమ్యూనిటీ కాలేజీల్లో గంటల లెక్కన అనాటమీ చెబుతాను. మా క్లాసుల్లో బెంచీల మీద కూర్చునేవాళ్లు ఎక్కువగా మెక్సికన్లు, సముద్రం దాటి వలసొచ్చిన హ్మాంగ్ కొండజాతివాళ్లు, నల్లవాళ్లు. బోర్డు దగ్గర నిలబడేవాళ్లు ఎక్కువగా తెల్లవాళ్లు. ఇది బాగాలేదని పెద్దలకే తోచి, మాలాంటివాళ్లను టీచర్లుగా తీర్చిదిద్దడానికి ‘వెలుగుబాట’ అని ఒక పథకం పెట్టారు.

నేరుగా ఉద్యోగాలే ఇచ్చేస్తే పోయేది కదా అంటారా? తొందరపడకండి. ఒక ఉద్యోగం ఒక్కరికే ఇవ్వగలరు. సలహా అయితే ఎంతమందికి పంచినా తరగదు. పైగా దానికి పెన్షన్ ఇవ్వక్కర్లేదు.

నా మొదటి మెంటర్ ఇచ్చిన మొదటి సలహా, "మీ ఆఫీసు తలుపు విద్యార్థుల కోసం ఎప్పుడూ తెరిచి ఉంచండి" అని. నా ఆఫీసు నా కారే. వెనక సీట్లో ప్లాస్టిక్ అస్థిపంజరం ఉంటుంది. దానికి సీటు బెల్టు పెట్టకపోతే కారు గోల పెడుతుంది. అయినా పెద్దల మాట కాదనకుండా, జూలై ఎండలో పార్కింగ్ లాట్‌లో నాలుగు తలుపులూ బార్లా తెరిచి కూర్చున్నాను. ఎండకి తట్టుకున్నది ఆ అస్థిపంజరం ఒక్కటే.

రెండో మెంటర్ హాల్వర్సన్ గారు. ఆయనకు నా కథంటే ప్రాణం.

"మీ కథ చెప్పండి ఒఫీలియా. ఆ ద్రాక్షతోటలు, ఆ కష్టం, ఆ చెమట..."

"మా నాన్నకి చెప్పుల షాపుండేదండి."

"అంతకు ముందు?"

"అంతకు ముందు తాతగారి చెప్పుల షాపు."

ఆయన మొహం వాడిపోయింది. పాపం, అంత పెద్దమనిషిని నిరాశపరచడం భావ్యమా? మా చిన్నాన్న కొడుకు ఒక వేసవి ద్రాక్షలు కోశాడు. ఆ వేసవిని తెచ్చి నా ఖాతాలో వేసుకుని చెప్పాను. ఆయన కళ్లు తుడుచుకున్నారు. మర్నాటికల్లా ఆ కథ నా ఫోటోతో సహా కాలేజీ బ్రోషర్‌కెక్కింది. ఉద్యోగం ఇవ్వని కాలేజీ అట్టమీద నా నవ్వు ఇప్పటికీ వెలుగుతూనే ఉంది.

బ్రోషర్ చూసి మా అమ్మ అడిగింది: "ఏమే, ఇంతమంది నీకు నేర్పుతున్నారు, ఇన్నేళ్లుగా నేర్చుకుంటూనే ఉన్నావు. అంత మొద్దువా నువ్వు? చిన్నప్పుడు బాగానే ఉండేదానివే."

అమ్మకి ఉన్నత విద్య లోతులు తెలియవు.

మూడో ఆయనా, నాలుగో ఆయనా ఇలాంటివాళ్లే. ఐదో మెంటర్ పెట్‌వే గారు. ఫిజియాలజీ చెప్పే నల్లావిడ. ఈవిడ దగ్గర మాత్రం నా వెటకారం సాగదు. రెండేళ్లు నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నారు. మొదటి రోజే బయటికి పిలిచి పెట్టిన చీవాట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

"గుండె గురించి చెప్పేటప్పుడు అలా పరిగెడతావేంటమ్మాయ్? వాళ్లు నర్సులు కావాలి, నీతో పరుగు పందేనికి రాలేదు. ఒక్కొక్కళ్ల చేయి వాళ్ల నాడి మీద పెట్టించు. అప్పుడు మొదలెట్టు."

అలాగే చేశాను. ఆ ఏడు గుండె పాఠంలో ఎవరూ తప్పలేదు. నాకు పాఠం చెప్పడం వచ్చిందంటే అది ఆవిడ చలవే. ఈ మాట నవ్వకుండానే రాస్తున్నాను.

చివరికి అనాటమీలో పర్మనెంట్ పోస్టు పడింది. నాకిక తిరుగులేదనుకున్నాను. నా క్లాసు చూసినవాళ్లు ఐదుగురూ కమిటీలో కూర్చోదగినవాళ్లే కదా!

అక్కడే పథకం గొప్పదనం బయటపడింది. అభ్యర్థికి మెంటర్‌గా సంతకం పెట్టినవాళ్లు ఎంపికలో నోరు విప్పకూడదట. పక్షపాతం అవుతుందట. నా పని తెలిసిన ఐదుగురూ బయటికి నడిచారు. లోపల మిగిలింది మా డిపార్ట్‌మెంట్ హెడ్ డేల్, గోల్ఫ్ కోచ్, అకౌంట్స్ చెప్పే ఒకాయన. ముగ్గురూ నన్ను బ్రోషర్ మీద చూసినవాళ్లే తప్ప క్లాసులో చూసినవాళ్లు కారు.

నాతో పాటు వచ్చిన అభ్యర్థి గ్రెగ్. అతనికి మెంటరే లేడు, పాపం. ఏటా వేసవిలో డేల్‌తో కలిసి కొండ మీద సరస్సులో చేపలు పడతాడు. అంతే. ఆ పడవలోనే డేల్ అతనికి ఇంటర్వ్యూలో ఏమడుగుతారో, ఏం చెప్పాలో చెప్పాడట. అది మెంటరింగ్ ఎలా అవుతుంది? అది చేపల వేట!

పెట్‌వే గారు ఊరుకోలేదు. నియామకాల ఆఫీసుకెళ్లి నిలదీశారు.

"గ్రెగ్ డేల్‌కి స్నేహితుడు కాదా? అది పక్షపాతం కాదా?"

"స్నేహం వేరు మేడమ్," అన్నాడు అక్కడి కుర్రాడు మర్యాదగా. "దానికి సంతకం ఉండదు కదా."

ఉద్యోగం గ్రెగ్‌కి వచ్చింది. మంచివాడే. చేరిన వారంలోనే నా అస్థిపంజరాన్ని అరువడిగాడు. ఇచ్చాను. ఆ రాత్రి ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. అది కూడా నవ్వకుండానే రాస్తున్నాను.

పథకం వాళ్లు మాత్రం నన్ను మరిచిపోలేదు. మరో ఏడాది మెంటరింగ్ మంజూరు చేశామని, ఈసారి మెంటర్లు ఆరుగురని కబురు పెట్టారు. ఇంతటి అదృష్టాన్ని ఎవరైనా కాలదన్నుకుంటారా? నేను కాలదన్నుకున్నాను. అదే వారం పెట్‌వే గారు కూడా పథకంలోంచి పేరు తీయించుకుని, నాకు ఫోన్ చేశారు.

"శనివారం ఖాళీయేనా? రెండు గాలాలు కొన్నాను."

"మీకు చేపలు పట్టడం వచ్చా మేడమ్?"

"రాదు. నీకొచ్చా?"

"రాదు."

"అయితే సరిపోయింది. తొందరగా రా."

ఇప్పుడు ప్రతి శనివారం ఊరి బయట కాలవ గట్టు మీద ఉంటాం. అస్థిపంజరం కారులో బెల్టు పెట్టుకుని కూర్చుంటుంది. ఆవిడ గాలం నీళ్లలో వేసి, నా వైపు చూడకుండానే మొదలుపెడతారు.

"చెప్పు. నిన్నెందుకు తీసుకోవాలి?"

"మా కుటుంబం ద్రాక్షతోటల్లో..."

"ఆ ద్రాక్షతోట ఇంకోసారి ఎత్తావంటే ఈ కాలవలో తోసేస్తాను. చెప్పుల షాపు సంగతి చెప్పు. రోజంతా నిలబడి పనిచేసేవాళ్ల పాదాలు చేత్తో పట్టుకుని చూసిన పిల్లవి. పాదంలో ఎముకలు నీకు పుస్తకంలో కనపడ్డాయా, షాపులోనా? అది చెప్పు. మళ్లీ మొదట్నుంచి."

మళ్లీ మొదట్నుంచి చెబుతాను.

ఇంతవరకు ఒక్క చేపా పడలేదు. గాలానికి ఎర గుచ్చాలని మొన్న పక్కన కూర్చున్న పెద్దాయన చెబితే గానీ మాకు తెలియలేదు. మెంటర్ లేని బతుకులు ఇలాగే ఉంటాయి మరి.

వచ్చే వసంతంలో మా డిపార్ట్‌మెంట్‌లో ఇంకో పోస్టు పడుతోంది. కమిటీలో పెట్‌వే గారున్నారు. పాఠకులకు ఒక్క మనవి. ఆవిడ నాకేమవుతారని ఎవరైనా మిమ్మల్ని అడిగితే, మెంటర్ మాత్రం కాదని చెప్పండి. మేం కలిసి చేపలు పడతాం, అంతే.