మహిళా కేంద్రం తలుపు వేసుంది

ఆ ఉదయం డైరెక్టరమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. ప్రిన్సిపాల్‌ను కలిసి ఇక మానేస్తానని చెప్పడం, ఇంటికొచ్చి పడుకోవడం. కాలేజీలో మహిళా కేంద్రం పెట్టిందీ, ఇన్నేళ్ళు నడిపిందీ ఆవిడే. ఊరేగింపుల్లో నినాదాలిచ్చిన గొంతు ఇప్పుడు మొగుణ్ణి కాఫీ అడగడానికి కూడా లేవడం లేదు. నిజంగానే అలిసిపోయింది.

ప్రిన్సిపాల్ ఇంకా రాలేదన్నారు. సరే, ఈలోగా కాస్త నడుం వాలుద్దామని ఆవిడ కేంద్రంలోకి వెళ్ళి, ఫోను ఆపేసి, రెండు కుర్చీలు దగ్గరికి జరుపుకుని, తలుపు గడియ పెట్టింది. పొరపాటంతా అక్కడే జరిగింది. ఏ అమ్మాయి ఎప్పుడొచ్చినా ఆ తలుపు తెరిచే ఉండాలని మొదటి రోజే కట్టడి చేసింది ఆవిడే. గాలివానలో కూడా దానికి ఇటుక అడ్డం పెట్టి ఉంచేవారు.

మూసిన తలుపును ముందుగా చూసింది లైబ్రేరియన్. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. కేంద్రం ఎత్తేస్తున్నారని కాసేపట్లో కాలేజీ అంతా పాకింది. అందుకే డైరెక్టరమ్మ లోపల దీక్షకు కూర్చుందని అమ్మాయిలు తేల్చి, క్లాసులు మానేసి వరండాలో బైఠాయించారు. ఒకమ్మాయి ఆవిడ భర్తకు ఫోన్ చేసి, మేడమ్ పొద్దున ఏమైనా తిన్నారా అని అడిగింది.

"లేదమ్మా, వద్దంది," అన్నాడాయన అమాయకంగా. దాంతో అది నిరాహార దీక్ష అయింది.

ప్రిన్సిపాల్ వచ్చేసరికి వరండా హోరెత్తుతోంది. ఒంట్లో బాగాలేని అమ్మాయిలు కాసేపు పడుకోవడానికి ఒక గది ఇవ్వమని ఆవిడ ఏళ్ళ తరబడి కాళ్ళరిగేలా తిరిగింది. చూద్దాం చూద్దాం అంటూ ఆయన దాటేస్తూ వచ్చాడు. ఈ దీక్ష దానికోసమే అనుకుని, ఇప్పుడు తలుపు ముందు నిలబడి, "మేడమ్, ఆ గది ఇచ్చేస్తాను, బయటికి రండి," అన్నాడు. జవాబు లేదు. మంచాలు వేయిస్తానన్నాడు. జవాబు లేదు. ఆయాను కూడా పెడతానన్నాడు. ఆవిడ గాఢనిద్రలో ఉంది. ఆ మౌనానికి ఆయనకు ముచ్చెమటలు పట్టాయి.

ఆయా మాట వినగానే అమ్మాయిలు కొట్టిన చప్పట్లకు మెలకువ వచ్చి ఆవిడ తలుపు తీసింది. చెంప మీద కుర్చీ అల్లిక అచ్చుపడి ఉంది. సంగతేమిటో అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నిద్రపోయానని చెప్పబోతుంటే, ఆమధ్య క్లాసులో కళ్ళు తిరిగి పడిపోయిన అమ్మాయి వచ్చి చేయి పట్టుకుంది.

"ఇక మెట్ల కింద పడుకోక్కర్లేదు మేడమ్."

ఆవిడకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మానేస్తానన్న మాట నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. అదే అదనుగా ప్రిన్సిపాల్, ఆ గది బాధ్యత కూడా మీదేనని అందరి ముందూ ప్రకటించేశాడు.

అన్నమాట ప్రకారం మంచాలు వచ్చాయి. వాటి మీద నడుం వాల్చే తీరిక మాత్రం ఆవిడకు ఇంతవరకూ దొరకలేదు.