డాబా మీది పెద్దల సభ

ఆ ఉదయం అనంతరాములు వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగాలి. మొలతాడుకు కట్టుకున్న మోటారు గది తాళంచెవిని ఒకసారి తడిమి చూసుకోవాలి. డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు నీడలో ఉన్న పేముకుర్చీలో కూర్చోవాలి. రైల్వే గార్డుగా రిటైరై నాందేడ్‌లోనే స్థిరపడినప్పటి నుంచి ఆ కుర్చీ ఆయనదే. పక్క కుర్చీలు మాజీ కండక్టర్ సంగప్పవి, తహసీల్ కచేరీలో పనిచేసిన శంకర్రావువి. మోటారు ఎప్పుడు వెయ్యాలో, ఎవరి స్కూటర్ ఎక్కడ నిలపాలో ఈ ముగ్గురే తేలుస్తారు. అందుకే బిల్డింగులో అందరూ వాళ్ళను పెద్దల సభ అంటారు.

చెప్పులు తొడుక్కుంటుండగా లోపలి గదిలోంచి మనవరాలు హరిప్రియ గొంతు ఖంగుమంది.

"పెద్దల సభల కూసున్నోళ్లకు ఓటేసిందెవలు? ఎవలో ఏరితే అచ్చి కూసున్నరు! అందర్నీ జనమే ఎన్నుకోవాలె. లేకుంటే కుర్చీ దిగాలె!"

అనంతరాములు చెయ్యి తాళంచెవి మీదికి పోయింది. లోపలికి వెళ్ళి అడిగితే సరిపోయేది. కానీ కుట్రదారులను ఎవరైనా అడుగుతారా? చప్పుడు చెయ్యకుండా డాబా ఎక్కాడు.

"మనకు ఎలక్షన్ పెడ్తరట సంగప్పా. మా ఇంట్లనే లేసింది మంట."

"అరే బాప్‌రే! మనకెవడేస్తడు ఓటు?" అన్నాడు శంకర్రావు.

సంగప్ప మాత్రం బెదరలేదు. "పోరగాళ్లు తయారు గాకముందే మనమే పెట్టి గెల్చేద్దాం. ఇయ్యాల సాయంత్రమే! నిలబడేది నువ్వు. ఎదురు ఎవడుంటడు?"

బస్సు గుమ్మంలో నిలబడి బిలోలి, బిలోలి అని ఊరి పేరు అరిచిన గొంతు అది. మెట్ల మీద నిలబడి, "ఎలక్షన్! సాయంత్రం ఎలక్షన్! గెల్చినోళ్లకే మోటర్ తాళం!" అని కేక వేస్తే కింద గేటు దాకా వినబడింది.

మొదటి అంతస్తు రఖమాబాయి ఖాళీ బకెట్‌తో బయటికొచ్చింది. "కాయ్ హో సంగప్పన్నా, ఆడోళ్లు నిలబడొచ్చునా?"

"నిలబడు బాయీ, ఏమైతది!" అని నవ్వాడు సంగప్ప.

మధ్యాహ్నానికి రఖమాబాయి ఎన్నికల గుర్తుగా ప్రతి గుమ్మం ముందూ ఒక బకెట్ బోర్లించి ఉంది. అనంతరాములు గుమ్మం ముందు కూడా.

"ఇదేంది, మనింటి ముంగట బకెట్?"

"కడిగి ఆరబెట్టిన," అంది భార్య సూర్యకుమారి, తలెత్తకుండా. "నీ చాయ్ అయ్యేదాంక మోటర్ పడదు. అప్పటిదాంక బకెట్ ఇంక ఏం పనికొస్తది?"

సాయంత్రం చేతులెత్తమన్నారు. రఖమాబాయి పేరు చెప్పగానే డాబా అంతా గాజుల చప్పుడే. సూర్యకుమారి రెండు చేతులూ ఎత్తి, చట్టం గుర్తొచ్చి ఒకటి దించింది. అనంతరాములు పేరు చెప్పినప్పుడు సంగప్ప చెయ్యి సగం లేచి, భార్య చూపు తగిలి, తల గోక్కుంది. శంకర్రావు ఆకాశంలో పిట్టలను చూస్తున్నాడు. పూర్తిగా లేచిన చెయ్యి ఒక్కటే. అది హరిప్రియది.

"నువ్వా! కుర్చీ దిగాలన్నది నువ్వే గదనే పొద్దుగాల!"

"అయ్యో తాతా! అది ఢిల్లీల పెద్దల సభ. పార్లమెంటుల పైసభ. తెలుగు సమాజంల చర్చాపోటీ ఉంది. పొద్దుగాల సదివింది అవతలి పక్షమోళ్ల మాటలు, జవాబు తయారు చేసుకుంటున్న. ఓట్లడుక్కోలేని అనుభవస్తులకు గూడ సభల జాగ ఉండాలె అనేది నా పక్షం. ఉదాహరణకు నీ పేరే జెప్దామనుకున్న."

అనంతరాములు గొంతు సవరించుకున్నాడు. "అయితే జెప్పు మరి."

"ఎట్ల జెప్పాలె? నువ్వు ఓట్లడిగి ఓడినవు గద!"

రఖమాబాయి తాళం తీసుకుని మోటారు వేసింది. కింద కుళాయిలన్నీ ఒక్కసారే దగ్గాయి. తిరిగొచ్చి ఖాళీ పేముకుర్చీని కొంగుతో తుడిచింది.

"అనంత్‌రావ్ అన్నా, కూసో. నిన్ను నేనే నేమిస్తున్న. తాళం మాత్రం నా తాననే ఉంటది."

అనంతరాములు ఆత్మాభిమానం గురించి క్షణం ఆలోచించాడు. తరువాత కూర్చున్నాడు.

ఎన్నికల్లో ఓడినవారిని పెద్దల సభలో కూర్చోబెట్టే ఆనవాయితీ ఆ విధంగా ఢిల్లీ నుంచి ఆ డాబా దాకా చేరింది.