నూరో కాగితం

ఆ గురువారం నర్సు లిదియమ్మ పెట్టుకున్న పనులు రెండే. నెల్లూరు ఆఫీసు పంపిన నూరు అభిప్రాయాల కాగితాలు ఉదయగిరి బస్టాండులో రాయించాలి. పదిగంటల బస్సుకు పెంచలమ్మను ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి. మొదటిది నలుగురిలో అరిచి చేసే పని, రెండోది మూడోకంటికి తెలియకుండా చేసే పని. రెండూ ఒకే పూట పెట్టుకోవడమే ఆమె చేసిన తప్పు.

పెంచలమ్మ నాలుగో కాన్పులో నెత్తురంతా పోయి చావు తప్పించుకుంది. ఇప్పుడు మళ్ళీ మూడో నెల. ఇంకో కాన్పు తట్టుకోలేదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. చట్టం ఒప్పుకుంది, మొగుడు మాలకొండయ్యా తలూపాడు. ఎవరైనా అడిగితే మాత్రం ఏ.ఎస్. పేట దర్గాకు పోతున్నామని చెప్పాలి.

లిదియమ్మ టీకొట్టు ముందు నిలబడి, కాగితం మీద ఆఫీసువాళ్ళు అచ్చేసిన ప్రశ్నను గట్టిగా చదివింది. "నలుగురు బిడ్డల తల్లి, రక్తం లేని మనిషి, ఐదో గర్భం తీయించుకుంటే న్యాయమా, అన్యాయమా? చెప్పి సంతకం పెట్టండి."

"ఎవురామె?" అన్నాడు టీకొట్టు బర్కతుల్లా.

"ఎవురూ కాదు. ఊరికే అడుగుతుండారు."

"ఊరికే అడిగేదానికి సంతకమెందుకు నర్సమ్మా? మనిషెవురో తెలీకుండా సాక్షి సంతకం పెడితే రేపు కోర్టుకు తిరగాల్సింది మేమే గదా!"

అక్కడ సర్కారు కాగితం మీద వేలు పెట్టినవాడు సాక్షి కిందే లెక్క. అందుకని అందరూ ఆ మనిషిని వెతకడం మొదలుపెట్టారు. ముందు మస్తాన్‌బీని అనుమానించారు. "నాకు ఐదుగురు! లెక్క తెలీకుంటే నోర్మూసుకోండి" అని ఆమె లేచింది. రెబెకమ్మకు నలుగురే గానీ, మొన్ననే మొగుణ్ణి బజారంతా తరిమిన మనిషికి రక్తం లేదంటే ఎవరూ నమ్మలేదు.

అప్పుడు పెద్దింటి ఆదిశేషమ్మ కన్ను, బస్సు కోసం మొగుడితో బెంచీ మీద కూర్చున్న పెంచలమ్మ మీద పడింది. "ఏమే పెంచలా, దర్గాకు పోయేదానికి మూటలో ఇన్ని పాత చీరలెందుకే?"

పెంచలమ్మ తల దించుకుంది. అంతే, బస్టాండు కోర్టు కచేరీగా మారిపోయింది. "రోజూ అరసేరు పాలు నేను పోస్తా, బిడ్డను కను" అంది ఆదిశేషమ్మ. గుడ్లు తనవన్నాడు బర్కతుల్లా. బస్సు వచ్చింది. కండక్టరు దిగి సంగతి కనుక్కుని, "అన్యాయం! నాకూ ఒక కాగితమియ్యండి" అన్నాడు. తీర్పు ముగిసేదాకా బస్సు కదల్లేదు. అందరూ తన వంక చూసేసరికి మాలకొండయ్యకు రోషం పొడుచుకొచ్చింది. "మా ఇంట్లో అట్టాంటి పని జరగదు!" అని మూట లాక్కున్నాడు.

"అక్కా, బస్సు పోతుండాది" అంది పెంచలమ్మ. లిదియమ్మకు ఏడుపొచ్చింది. తన నోరే ఆమెను బజారున పడేసింది. ఆ పూట తొంభై తొమ్మిది సంతకాలు పడ్డాయి, అన్నీ అన్యాయమనే. తర్వాత ఎన్నిసార్లు ఆ ఇంటికి పోయినా మాలకొండయ్య గడప తొక్కనివ్వలేదు.

గుడ్లు వారం వచ్చాయి. పాలు మూడు రోజులు వచ్చాయి, నాలుగో రోజు బర్రె వట్టిపోయింది.

ఆరు నెలల తర్వాత పెంచలమ్మ కాన్పులోనే పోయింది. బిడ్డా దక్కలేదు. పాడె వెంట ఊరంతా కదిలింది. బర్కతుల్లా, ఆదిశేషమ్మ, మస్తాన్‌బీ అందరూ కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ ఒకే మాట అన్నారు. "అన్యాయం."

ఆ వారంలోనే నెల్లూరు నుంచి లిదియమ్మకు జవాబు వచ్చింది. "తొంభై తొమ్మిది అందినవి. మిగిలిన ఆ ఒక్కరినీ అడిగి వెంటనే పంపవలెను."