పానకాలరావు ఇంటి ఈశాన్యపు పైపు

ఏప్రిల్ ఇరవై ఆరు, ఆదివారం మధ్యాహ్నం, పానకాలరావు మామిడికాయ పప్పూ గుమ్మడి వడియాలూ తిని చెయ్యి కడుక్కుంటుండగా, ఇంట్లో కోపాన్ని వీధిలోకి పంపే మిషను బిగించడానికి మెకానిక్ మస్తాన్ వలీ వచ్చాడు.

కంకరపాలెంలో అలాంటి మిషన్లు అప్పటికే చాలా ఇళ్లకు ఉన్నాయి. గోడ లోపలి పెట్టె గదిలోని కోపాన్ని పీల్చుకుంటుంది. గోడ బయటి పెట్టె ఫ్యాను తిప్పి దాన్ని వీధిలోకి ఊదేస్తుంది. మామూలు సంసారానికి ఒక టన్ను సరిపోతుంది. ఆస్తి పంపకాలు నడుస్తున్న ఇంటికి రెండు టన్నులు కావాలి. దాంతో ఇళ్లు చల్లబడి వీధులు మండిపోతున్నాయి. వీధిలో ఎవరూ కాపురం ఉండరు కనుక ఆ సంగతి మీద ఫిర్యాదులేమీ రాలేదు.

చిక్కల్లా నీళ్లతోనే. కోపం చల్లబడేటప్పుడు అందులో కలిసి ఉన్న జాలి విడిపోయి, బొట్లుబొట్లుగా పైపులోంచి కారుతుంది. అది మీద పడ్డవాళ్లు తడి ఆరేదాకా మెత్తబడిపోతారు. కిందటేడు ఒక ఆఫీసు గుమాస్తా నెత్తిన కారితే, ఆ పూట వచ్చిన జనాన్నంతా నీడన కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. వచ్చిన ప్రతి పనీ అయిపోయింది. అలాంటిది మళ్లీ జరగకుండా మున్సిపాలిటీ గట్టి నిబంధన పెట్టింది. పైపు పొడుగునా వాలు ఉండాలి, చివర మూతవేసిన గుంటలో దిగాలి, మనిషి మీద మాత్రం బొట్టు పడకూడదు.

పానకాలరావు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. భార్య విశాలాక్షి పోయి ఏడాదవుతోంది. కింది వాటాలో తమ్ముడు శేషగిరి ఉంటాడు, అతనికి బజార్లో బియ్యం కొట్టు. వదిన పెద్దకర్మ భోజనాల్లో అతను విస్తరి ముందు కూర్చుని, "గారెల్లో ఉప్పు తగ్గింది," అన్నాడు. ఆనాటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. పై వాటాలో పొయ్యి వెలిగించకుండానే పాలు పొంగిపోతుండడంతో పానకాలరావు మిషను కొన్నాడు.

"గుంట నైరుతి మూలుంది సార్. పైపు అటు వాలిస్తే సరిపోద్ది," అన్నాడు మస్తాన్ వలీ.

"నైరుతికి నీళ్లు పోకూడదు. ఈశాన్యానికి వాల్చు."

"అదేంటి, మీరు సైన్సు మాస్టారు గదా!"

"నాకు నమ్మకం లేదయ్యా. మా ఆవిడకుండేది."

మస్తాన్ వలీ ఈశాన్యానికే వాల్చాడు. ఈశాన్యంలో కింది వాటా వీధిగుమ్మం ఉందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున కొట్టుకు బయల్దేరిన శేషగిరి నెత్తిన నాలుగు బొట్లు పడ్డాయి. అతను కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి మెట్లెక్కాడు.

"అన్నయ్యా, కాఫీ తాగావా?"

పానకాలరావు పేపరు దించాడు. "లేదురా. పొడి అయిపోయింది."

"అయిపోతే కిందికి ఓ కేకెయ్యొద్దూ? మొండిఘటం!"

ఆ రోజునుంచి శేషగిరి పొద్దునా సాయంత్రమూ తడుస్తూ, మెట్లెక్కుతూ వచ్చాడు.

"వదిన పేకాటలో తొండి చేసేది, తెలుసా నీకు?" అన్నాడొకసారి.

"తెలీకేం? నేర్పింది నేనేగా."

ఇద్దరూ నవ్వారు. ఆ గదిలో నవ్వు వినబడి ఏడాదయిందని పానకాలరావు గమనించాడు.

అయితే శేషగిరి తల తుడుచుకోకుండా కొట్టుకు వెళ్లడం వల్ల ప్రతి తూకానికీ ఒక గుప్పెడు బియ్యం ఎక్కువ పోయసాగాడు. వర్తకుల సంఘం ఫిర్యాదు చేసింది. మున్సిపాలిటీ బొట్ల విభాగం ఇన్‌స్పెక్టరు సుభాషిణి వచ్చి, గొడుగు వేసుకుని, పైపు కొసను దూరంనుంచే పరిశీలించింది.

"ఇది ప్రమాదకరం మాస్టారూ. పైపు ఇవాళే గుంటలోకి మార్పించాలి."

"మారిస్తే మావాడు మళ్లీ మాట్లాడడమ్మా."

"అది మా విభాగం కిందికి రాదండీ."

పానకాలరావు అడిగాడు. "గుంట నిండితే ఏం చేస్తారు?"

"లారీల్లో ఊరవతల బీడు భూమిలో పారబోస్తాం. అక్కడ మనుషులుండరు."

"గడ్డి మొలుస్తోందా?"

"ఏపుగా మొలుస్తోందండీ. గేదెలు మేస్తున్నాయి. పొడవడం కూడా మానేశాయంట, పాపం."

మధ్యాహ్నానికల్లా మస్తాన్ వలీ పైపును నైరుతికి తిప్పి, గుంట మీద మూత బిగించి, వెళుతూ వెళుతూ, "ఏమనుకోమాక సార్," అన్నాడు.

సాయంత్రం శేషగిరి కొట్టునుంచి వచ్చే వేళ పానకాలరావు రెండు గ్లాసులు కడిగి బోర్లించాడు. కింద తలుపు తీసిన చప్పుడయింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. వీధి దీపాలు వెలిగాయి. పానకాలరావు ఒక గ్లాసు తీసి అలమారలో పెట్టేశాడు.

అప్పుడు మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. శేషగిరి తలా భుజాలూ నీళ్లోడుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో మూతపెట్టిన గిన్నె ఉంది.

"ఏంట్రా, అట్టా తడిశావ్?"

"నీ పైపే అన్నయ్యా. ఏం బిగించాడో ఏమో, ఇంకా కారతానే ఉంది."

అతని జుట్టులోంచి కుళాయి నీళ్ల బ్లీచింగు వాసన వస్తోంది. పానకాలరావు దండెం మీది తువ్వాలు అందించాడు. అలమారలో గ్లాసు మళ్లీ తీశాడు.

"మీ మరదలు గారెలు వేసింది. ఉప్పు సరిపోయిందో లేదో చూసి చెప్పమంది."

పానకాలరావు ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాడు. అందులో అసలు ఉప్పే లేదు.

"సరిపోయిందిరా," అన్నాడు.

శేషగిరి కూర్చుని తల తుడుచుకున్నాడు. పూర్తిగా ఆరిపోయాక కూడా అతను లేవలేదు. రెండో గారె తీసుకుని, గదంతా చూసి, చల్లగా ఉందన్నాడు. బయట పెట్టె గిరగిరా తిరుగుతోంది. సరిగ్గా దాని కింద, వీధిలో, ఇద్దరు ఆటోవాళ్లు ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు.

"ఎవరింటి కోపమో, పాపం," అన్నాడు శేషగిరి.

"మనదై ఉండదులే," అన్నాడు పానకాలరావు. చల్లదనం బయటికి పోకుండా, ఆ రాత్రికి తలుపు మెల్లగా దగ్గరకు వేసి గడియపెట్టాడు.